ఒక సైలెన్సర్ ఎన్ని తుపాకులకు పడుతుంది? పేల్చేముందు ఇలా చూసుకోండి

నల్లగొండలో నాది లేత్ మిషన్ షాపు. బోరు మోటార్ల షాఫ్టులు, రైసు మిల్లుల బుష్షులు, ట్రాక్టర్ పిన్నులు, రోజంతా ఇదే పని. తుపాకులతో నాకేం సంబంధం అంటారా? మా చిన్నాయన కొడుకు డల్లాస్ దగ్గర ఉంటాడు. గ్రీన్ కార్డు వచ్చాక ఒక రైఫిల్ కొన్నాడు, తర్వాత 9 ఎం.ఎం. తూటాలు వాడే చిన్న కార్బైన్, అంటే పొట్టి రైఫిల్ ఒకటి కొన్నాడు. మొన్న ఒక ఆదివారం పొద్దున, వాడికి అప్పుడు శనివారం రాత్రి, వీడియో కాల్ చేశాడు. చేతిలో నల్లటి గొట్టం.

"అన్నా, రైఫిల్ కోసం కొన్న సైలెన్సర్ దీనికి కూడా పడ్డది. చూడు ఎంత సాఫ్‌గ ఎక్కిందో."

కెమెరా ముందు తిప్పి చూపించాడు. నిజమే, ఎక్కడా పట్టుకోకుండా చివరిదాకా కూర్చుంది.

"దాని బోరు ఎంత తమ్మీ? ఈ బుల్లెట్ ఎంత?"

వాడు రెండు క్షణాలు ఆగాడు. ఆ సైలెన్సర్ 5.56 ఎం.ఎం. తూటా రైఫిల్‌ది. లోపలి బోరు, అంటే బుల్లెట్ పోయే రంధ్రం, 7 ఎం.ఎం.కు అటూ ఇటూ ఉంటుంది. కార్బైన్‌లోంచి వచ్చే బుల్లెట్ 9 ఎం.ఎం. రెండు బ్యారెల్స్ కొన మీదా ఒకటే థ్రెడ్, అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు. అందుకే అంత సాఫ్‌గా ఎక్కింది.

"పేల్చకు. విప్పి టేబుల్ మీద పెట్టు" అన్నాను.

ఆ తర్వాత ఇద్దరం కూర్చుని కొలతలన్నీ తిరగేశాం. మన నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు పిల్లలు అమెరికాలో ఇంతమంది ఉన్నారు, రేంజ్‌కు, అంటే గురి పెట్టి కాల్చే చోటికి, పోవడం అక్కడ వీకెండ్ సరదా అయిపోయింది. వాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. ఇదంతా అమెరికాలో, అక్కడి చట్టం ప్రకారం కొన్నవాళ్లకే. మన దగ్గర సంగతి వేరు, చివర్లో చెప్తాను.

1. కొలతల కంటే ముందు వీసా చూసుకోండి

అమెరికా ఫెడరల్ చట్టంలో సైలెన్సర్ విడి భాగం కాదు. దాన్ని కూడా తుపాకీ కిందనే లెక్కేస్తారు. ఎఫ్-1 మీద చదువుకుంటున్నవాళ్లు, హెచ్-1బీ మీద పనిచేస్తున్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజ్‌లో పది నిమిషాలకు అద్దెకు తీసుకుని పేల్చినా 'దగ్గర ఉంచుకోవడం' కిందికే వస్తుంది. ఫ్రెండు రమ్మన్నాడని పోయి, ఫొటో దిగి స్టేటస్ పెట్టుకునే పిల్లలకు ఈ ముక్క తెలియదు. తెలిసేసరికి వీసా టెన్షన్ మొదలవుతుంది. హంటింగ్ లైసెన్స్ లేకపోతే దూరంగా ఉండండి. ఉన్నా సరే, ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే తుపాకీ ముట్టుకోండి.

గ్రీన్ కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు తర్వాత రాష్ట్రం చూసుకోవాలి. టెక్సాస్ సహా 42 రాష్ట్రాల్లో సైలెన్సర్ కొనుక్కోవచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ, కాలిఫోర్నియా, ఇల్లినాయిస్, మసాచుసెట్స్, న్యూయార్క్‌లలో మామూలు మనిషికి లేదు. డెలావేర్, హవాయి, రోడ్ ఐలండ్ కూడా అంతే. డల్లాస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు ఇల్లు మారుతూ సామానుతో పాటు దాన్ని కూడా డబ్బాలో వేసుకుని పోయారంటే, చట్టబద్ధంగా కొన్న వస్తువే నేరమైపోతుంది.

కొనేది డీలర్ దగ్గర, వేలిముద్రలు, ఫొటో, ఫారం 4 అనే దరఖాస్తు ఇచ్చి, అనుమతి వచ్చాక. 1934 చట్టంలో పెట్టిన 200 డాలర్ల పన్ను తొంభై ఏళ్లు దాటినా అదే అంకె మీద నడిచింది. 2026 జనవరి 1 నుంచి సైలెన్సర్లకు దాన్ని సున్నా చేశారు. పన్ను పోయింది గానీ రిజిస్ట్రేషన్ పోలేదు. సీరియల్ నంబర్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు పక్కన ఉన్నప్పుడే ఇంకొకరు పేల్చాలి. "రెండు రోజులు ఇయ్యి భయ్యా, మళ్లా ఇస్తా" అనే బేరం దీనికి పనికిరాదు.

2. బోరు కొలవండి, పేరు నమ్మకండి

అసలు విషయం ఇక్కడే ఉంది. మన రైతులకు చెప్పినట్టు చెప్తాను. ఆరున్నర బోరులో వీ-6 మోటారు దిగుతుంది, వీ-4 కూడా దిగుతుంది. నాలుగున్నర బోరులో వీ-6 దింపుతానంటే కేసింగ్ దగ్గరే ఆగిపోతుంది. సైలెన్సర్‌దీ ఇదే లెక్క. పెద్ద బోరు సైలెన్సర్‌లోంచి చిన్న బుల్లెట్ పోతుంది. చిన్న బోరులోంచి పెద్ద బుల్లెట్ పోదు. తేడా ఏమిటంటే మోటారు పట్టకపోతే పైకి లాగుతాం. బుల్లెట్ ఆగదు. లోపల వరసగా గిన్నెల్లాంటి అడ్డాలు ఉంటాయి, వాటిని బ్యాఫిల్స్ అంటారు. వాటిని చీల్చుకుంటూ, గొట్టాన్ని పగలగొట్టుకుంటూ పోతుంది. ముక్కలు ఎటు ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు.

ఇక పేర్ల సంగతి. షాపులో అరంగుళం జీఐ పైపు అంటాం. కాలిపర్స్ పెట్టి చూడండి, బయట 21 ఎం.ఎం. పైనే వస్తుంది, లోపల కూడా అరంగుళం రాదు. అది పేరు మాత్రమే. తూటాల పేర్లూ ఇలాంటివే. పాయింట్ 38 స్పెషల్ బుల్లెట్ అసలు కొలత 0.357 అంగుళాలు. పాయింట్ 380 పిస్టల్‌ది 0.355, అంటే 9 ఎం.ఎం.తో సమానం. మన పోలీసుల చేతుల్లో ఏళ్లకేళ్లు చూసిన త్రీ నాట్ త్రీ పేరుకు 0.303, దాని బుల్లెట్ 0.311 దాకా ఉంటుంది. అంటే పాయింట్ 308 కంటే త్రీ నాట్ త్రీ బుల్లెట్టే లావు. పేరు చూసి కొన్నవాడు తలకిందులుగా అనుకుంటాడు.

కాబట్టి కాగితం మీద రెండు గీతల పట్టిక గీసుకోండి. ఎడమవైపు మీ దగ్గర ఉన్న ప్రతి తుపాకీ బుల్లెట్ అసలు వ్యాసం రాయండి. 5.56, పాయింట్ 223లకు 0.224 అంగుళాలు. 6.5 క్రీడ్‌మూర్‌కు 0.264. పాయింట్ 308కి, పాయింట్ 300 బ్లాకౌట్‌కు 0.308. పాయింట్ 338 లాపువాకు 0.338. 9 ఎం.ఎం.కు 0.355. పాయింట్ 40కి 0.400. పాయింట్ 45 పిస్టల్‌కు 0.452 దాకా. కుడివైపు సైలెన్సర్ తయారీవాళ్లు 'ఈ కొలత వరకు' అని ఇచ్చిన అంకె రాయండి. ఎడమ పక్క అంకెల్లో ఏ ఒక్కటి కుడి పక్కది దాటినా ఆ తుపాకీని కొట్టేయండి. బోరు బుల్లెట్ కంటే కాస్త వెడల్పుగా చేస్తారు కాబట్టి మీరే కాలిపర్స్ పెట్టి "ఇంకా సందు ఉంది, పోతుందిలే" అని లెక్కలు కట్టకండి. ఆ సందు బుల్లెట్ కొంచెం ఊగినా తగలకుండా ఇచ్చినది.

బ్లాకౌట్ గురించి విడిగా ఒక మాట. అది, 5.56 ఒకే రకం రైఫిల్‌లో, ఒకే మ్యాగజైన్‌లో (తూటాలు నింపే పెట్టెలో) ఇముడుతాయి. రెండూ ఉన్న ఇంట్లో ఒకరోజు కాకపోతే ఒకరోజు పొరపాటు జరుగుతుంది. బ్లాకౌట్ తూటా 5.56 బ్యారెల్‌లో పడితే, సైలెన్సర్ దాకా పోయే అవసరమే ఉండదు, రైఫిలే పగులుతుంది. మా తమ్ముడికి చెప్పింది ఇదే: మ్యాగజైన్లకు రెండు రంగుల టేపు చుట్టు, ఒకటే రోజు రెండూ రేంజ్‌కు పట్టుకుపోకు.

పెద్ద బోరు ఒకటి కొంటే అన్నిటికీ వాడుకోవచ్చు కదా అంటారు. వాడుకోవచ్చు. చాలామంది 30 క్యాలిబర్ (పాయింట్ 308 లాంటి తూటాల) సైలెన్సర్ కొని 5.56 మీద కూడా వాడుతారు, నా ఓటు కూడా దానికే. ఆరున్నర బోరులో వీ-4 దింపినట్టే. పని జరుగుతుంది, కాస్త తగ్గుతుంది. హోలు పెద్దది కాబట్టి బుల్లెట్ వెంట గ్యాస్ ముందుకే జారిపోతుంది, 5.56 కోసమే చేసినదానికంటే శబ్దం కొన్ని డెసిబెల్స్ ఎక్కువ వస్తుంది. కొన్నిటికి ముందు మూత మార్చుకునే వీలుంటుంది, చిన్న హోలు మూత పెడితే కొంత నయం. ఆ మూత అలాగే ఉంచి పెద్ద తుపాకీకి బిగించారంటే కథ మొదటికి వస్తుంది. మూత మార్చే అలవాటు, మర్చిపోయే అలవాటు రెండూ ఉన్నవాళ్లు పెద్ద మూతే ఉంచుకోండి.

3. థ్రెడ్ కలిస్తే కొలత కలిసినట్టు కాదు

లేత్ మీద ముప్పై ఏళ్లుగా థ్రెడ్లు కోస్తున్నాను. "ఎక్కింది కదా" అన్న మాటంత చెడ్డ మాట మా లైన్‌లో లేదు. అమెరికాలో పాయింట్ 22కి, 5.56కి, చాలా 9 ఎం.ఎం. బ్యారెల్స్‌కు ఒకటే థ్రెడ్, 1/2×28. ఇందులో మొదటి అంకె వ్యాసం, రెండోది అంగుళానికి ఎన్ని థ్రెడ్లు అన్నది. మా తమ్ముడు పడబోయిన గుంత ఇదే. పాయింట్ 308, బ్లాకౌట్ లాంటి 30 క్యాలిబర్‌లకు 5/8×24. పాయింట్ 45 పిస్టల్‌కు ఎక్కువగా 0.578×28. యూరప్ 9 ఎం.ఎం. పిస్టల్స్ కొన్నిటికి మిల్లీమీటర్ల థ్రెడ్, 13.5×1, అదీ ఎడమ చేతిది. ఏకే రకం రైఫిళ్లలో పాతవాటికి 14×1, అది కూడా ఎడమదే.

ఎడమ థ్రెడ్ అంటే అర్థం కాకపోతే మీ సైకిల్ ఎడమ పెడల్ విప్పి చూడండి. అందరూ తిప్పే వైపు కాకుండా రెండో వైపు తిరుగుతుంది. అది తెలియక బలంగా తిప్పితే థ్రెడ్ పోతుంది. సైకిల్‌కు వందల్లో పోతుంది, బ్యారెల్‌కు వేలల్లో.

థ్రెడ్లు కలవనప్పుడు అడాప్టర్లు దొరుకుతాయి. ఒకటి వాడండి. అడాప్టర్ మీద అడాప్టర్ వేయకండి. ప్రతి జాయింటూ సూటిదనాన్ని కొంచెం తింటుంది, ఈ పనిలో ఆ కొంచెమే కొంప ముంచుతుంది. బ్యారెల్ కొన మీద థ్రెడ్ ఆగే చోట ఒక మెట్టు ఉంటుంది, మేము షోల్డర్ అంటాం. సైలెన్సర్ ఆ మెట్టుకు ఆనుకుని నిలబడాలి. మధ్యలో నలిగే వాషర్ పెట్టకండి. నలిగే వాషర్ ఒక పక్క ఎక్కువ నలుగుతుంది, గొట్టం వంకర పోతుంది. కంటికి కనపడదు, బుల్లెట్‌కు కనపడుతుంది.

4. బోరు సరిపోయింది, మరి ప్రెషర్?

పాయింట్ 45 పిస్టల్ సైలెన్సర్ బోరు 11 ఎం.ఎం. పైన ఉంటుంది. దాంట్లోంచి 5.56 బుల్లెట్ హాయిగా పోతుంది. అయినా పెట్టకూడదు. పాయింట్ 45 తూటా గరిష్ఠ ప్రెషర్ 21,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 9 ఎం.ఎం.కు 35,000. పాయింట్ 223కు 55,000, పాయింట్ 308కి 62,000. ఇవి తూటా పేలే గదిలో లెక్కలు, కొన దగ్గరికి వచ్చేసరికి బాగా తగ్గుతాయి. కానీ తేడా ఏ స్థాయిలో ఉందో తెలియడానికి ఇవి చాలు. పిస్టల్ కోసం పలచటి అల్యూమినియంతో చేసిన గొట్టం రైఫిల్ దెబ్బకు తట్టుకోదు.

బ్యారెల్ పొడవు కూడా ఇందులోకే వస్తుంది. బ్యారెల్ పొట్టిదైతే గ్యాస్ చల్లారడానికి చోటు ఉండదు, అదే తూటా ఎక్కువ ప్రెషర్‌తో సైలెన్సర్‌లోకి వస్తుంది. అందుకే తయారీవాళ్లు 'ఈ తూటాకు కనీసం ఇంత పొడవు బ్యారెల్' అని పట్టిక ఇస్తారు. మాన్యువల్‌లో చదవాల్సిన పేజీ ఒక్కటే అంటే అది ఇదే. టైటేనియం తేలిక, కానీ ఎడతెరిపి లేకుండా కాలిస్తే వేడికి డీలా పడుతుంది. ఇన్‌కొనెల్, స్టెల్లైట్ అనే మిశ్రమ లోహాలు బరువు, కానీ ఓర్చుకుంటాయి. ఎలా కాలుస్తారో అలా కొనండి.

5. పాయింట్ 22ని వేరుగా ఉంచండి

చిన్న తూటా కదా, అన్నిట్లోంచీ పోతుంది కదా అని 22ని రైఫిల్ సైలెన్సర్‌లో కాల్చకండి. పగలదు గానీ పాడవుతుంది. 22 బుల్లెట్ చాలావరకు ఉత్త సీసం. సీసం పొర, మసి లోపల పేరుకుపోతాయి. రైఫిల్ సైలెన్సర్లు చాలావరకు వెల్డింగ్ చేసి మూసేసినవి, విప్పి కడగలేరు. 22కి విప్పుకోగలిగేది విడిగా కొనుక్కోవడమే మంచిది. అది చవక కూడా.

కడిగేటప్పుడు వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి నానబెట్టే చిట్కా ఒకటి తిరుగుతోంది. సీసం కరుగుతుంది, నిజమే. కరిగి లెడ్ అసిటేట్ అవుతుంది, అది విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. వంటింటి సింకులో ఆ పని చేసేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు.

6. పిస్టల్ అయితే బూస్టర్ చూడండి

చాలా పిస్టల్స్‌లో పేలినప్పుడు బ్యారెల్ వెనక్కి జరిగి కొంచెం వంగుతుంది. కొనకు బరువు తగిలిస్తే ఆ కదలిక ఆగి, రెండో తూటా ఎక్కదు. అందుకని సైలెన్సర్ అడుగున స్ప్రింగు, పిస్టన్ ఉన్న బూస్టర్ పెడతారు. అదే సైలెన్సర్‌ను కార్బైన్‌లాగా బ్యారెల్ కదలని తుపాకీకి మార్చేటప్పుడు స్ప్రింగు తీసి గట్టి స్పేసర్ వేయాలి. లేకపోతే సుత్తితో కొట్టినట్టు కొట్టుకుని లోపలి భాగాలు దెబ్బతింటాయి. మామూలు రివాల్వర్‌కు సైలెన్సర్ సినిమాల్లోనే పనిచేస్తుంది. సిలిండర్‌కు, బ్యారెల్‌కు మధ్య సందులోంచే శబ్దం బయటికి వచ్చేస్తుంది.

7. రాడ్ పెట్టి చూడకుండా ట్రిగ్గర్ ముట్టుకోకండి

తుపాకీ ఖాళీ చేయండి. మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) కళ్లతో చూసి, వేలు పెట్టి తడిమి మరీ చూడండి. సైలెన్సర్ బిగించండి. ఆ క్యాలిబర్‌కే అమ్మే అలైన్‌మెంట్ రాడ్‌ను, అంటే సూటిదనం చూసే కడ్డీని, ముందు నుంచి మెల్లగా బ్యారెల్‌లోకి పంపండి. బలవంతం చేయకండి. ఇప్పుడు కొనవైపు నుంచి చూస్తే రాడ్ చుట్టూ సందు గుండ్రంగా, అన్ని పక్కలా ఒకేలా కనపడాలి. ఒక పక్క గోరంత, ఇంకో పక్క వెంట్రుకంత కనపడితే వంకర ఉన్నట్టు. రాడ్ అంచుకు తగిలితే ఇంక మాటే లేదు, విప్పేయండి, బ్యారెల్‌ను తుపాకుల మెకానిక్‌కు చూపించండి. మా తమ్ముడు కార్బైన్‌లో 9 ఎం.ఎం. రాడ్ పెట్టి చూపించాడు. అది సైలెన్సర్ మూతి దగ్గరే టక్కున ఆగింది. "అన్నా" అని తర్వాత కాసేపు మాట్లాడలేదు.

రాడ్ తీయడం మర్చిపోకండి. రాసేటప్పుడు నవ్వొస్తుంది గానీ మర్చిపోయేవాళ్లున్నారు. తీసిన రాడ్‌ను కంటికి ఎదురుగా టేబుల్ మీద పెట్టుకున్నాకే తూటాలు ముట్టుకోండి.

8. మొదటి రోజు

ఒకటి కాల్చండి, ఆగండి, మళ్లీ బిగువు చూడండి. వేడికి లూజ్ అవుతుంది. వట్టి చేత్తో కాదు, పది తూటాలకే కాలుతుంది. గురి కొద్దిగా మారుతుంది, అది మామూలే. గ్యాస్ వెనక్కి ఎక్కువ తన్ని కళ్లలో పడుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి.

చెవులకు రక్షణ తీసేయకండి. సైలెన్సర్ సుమారు 20 నుంచి 35 డెసిబెల్స్ తగ్గిస్తుంది. రైఫిల్ శబ్దం 160 పైన మొదలవుతుంది కాబట్టి మిగిలేది కూడా తక్కువ కాదు. పైగా బుల్లెట్ ధ్వని కంటే వేగంగా, సెకనుకు 340 మీటర్లు దాటి పోతే గాలిలోనే ఇంకో చప్పుడు పుడుతుంది. దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు. 5.56 సెకనుకు 900 మీటర్లకు అటూ ఇటూ పోతుంది. పాయింట్ 45 పిస్టల్ బుల్లెట్ మామూలుగా 260 లోపు, అందుకే సైలెన్సర్‌తో అది అంత మెత్తగా వినపడుతుంది.

9. ఇంటికి వచ్చేటప్పుడు

మన ఆయుధాల చట్టం, 1959, సెక్షన్ 2 ప్రకారం తుపాకీ శబ్దాన్ని తగ్గించే పరికరం కూడా 'ఫైర్‌ఆర్మ్' అన్న మాటలోకే వస్తుంది. తుపాకీ లేకుండా ఉత్త గొట్టం ఒక్కటే దొరికినా కేసు కేసే. దసరాకు వస్తూ "ఖాళీదే కదా" అని సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగకండి. అక్కడే లాకర్‌లో పెట్టి రండి.

ఇక్కడ చేయించుకుందాం అనుకునేవాళ్లూ ఉంటారు. రెండేళ్ల కింద ఒక కుర్రోడు ఫోన్‌లో బొమ్మ పట్టుకుని మా షాపుకొచ్చాడు. ఎయిర్ గన్‌కు అన్నాడు, పైసలు ఎంతైనా పర్వాలేదన్నాడు. బొమ్మ చూడగానే ఏమిటో తెలిసింది. మిషన్ ఆపి, చాయ్ తాగించి పంపాను. అసలు తుపాకీ సైలెన్సర్‌కు 1909లో పేటెంట్ తీసుకున్న హైరమ్ పెర్సీ మాగ్జిమ్ తర్వాత ఇంజన్ల మఫ్లర్ల పని కూడా చేశాడు. మెషిన్ గన్ కనిపెట్టిన మాగ్జిమ్‌కు కొడుకే ఆయన. అదే చెప్పి, "నీ బుల్లెట్ బండి సైలెన్సర్ పగిలితే పట్టుకరా, చేసిస్త" అన్నాను. నెల తిరక్కుండానే నిజంగానే బండేసుకుని వచ్చాడు. సైలెన్సర్ బాగానే ఉంది. లోపలి జాలీ తీసేసి సౌండు పెంచాలట.